మూడుతోనూ ఏడుతోనూ ముగిసేవి

శేషం భాజకం కంటే పెద్దదిగా ఉండదు. ఇది తెలియడానికి గణితం అక్కర్లేదు, ఇంగితం చాలు. ఏడుగురికి పళ్ళు పంచాక ఎనిమిది మిగిలాయంటే పంచడం ఇంకా అవలేదన్నమాట. మా అమ్మాయి రెండో తరగతిలోనే ఈ మాట చెప్పింది, అదీ పండు నములుతూ. మరి అక్క పుస్తకంలో అరవై ఎనిమిదో పేజీ మొదటి వరుసలో ఎడమవైపు 31,513 అనీ, దానికెదురుగా శేషం 31,842 అనీ ఉంది. ముత్యాల కోవలాంటి రాత. లెక్క ముగిసింది, ఇవాళ రెండు పుస్తకాలూ అప్పజెప్పాలి, నేను పేజీలకు నంబర్లు వేయడానికే ఆ పుస్తకం తెరిచాను. "నంబర్లు లేకపోతే సార్ ముట్టుకోరండీ, సార్ మూడింటికి గానీ రారు, ఈలోగా వేసేసుకోండి" అని లెక్కల సంఘం ఆఫీసులో టైపిస్టు ఈ బెంచీ చూపించింది. గోడ గడియారంలో రెండు దాటి అయిదు నిమిషాలు. టీ తాగి, కుట్టుమిషనుకు దారం ఉండలు కొనుక్కుని, నాకూ టీ తెస్తానని అక్క కిందికి వెళ్ళింది. చెయ్యి జారి ఉంటుంది, 13,842ను తిరగేసి రాసి ఉంటుంది, ఎవరికైనా జరుగుతుంది అనుకుంటూనే సంచీలోంచి చిత్తుకాగితం తీశాను. ఎందుకు తీశానో తెలియదు. చేతికి అలవాటు, తప్పు కనబడితే దిద్దందే అన్నం సయించదు.

అక్క అంటే నా తోబుట్టువు కాదు, తోటికోడలు. మా బావగారి భార్య. ఒకే ఇంట్లో పన్నెండేళ్ళు, ఒకే పొయ్యి, ఒకే అత్తగారు. లోకంలో తోటికోడళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ మేమిద్దరం ఒక సంఖ్యను పెంచుకున్నాం. 3,16,04,15,537. మూడు వందల పదహారు కోట్ల నాలుగు లక్షల పదిహేను వేల అయిదువందల ముప్పై ఏడు. ఇది ప్రధాన సంఖ్యో కాదో ఎవరూ తేల్చలేదు, మీ జంట తేల్చండి అని ఈ సంఘంవాళ్ళు రెండేళ్ళ క్రితం చీటీ పంపారు. ఇంట్లో దానికి పెద్దమనిషి అని పేరుపడింది. పెద్దమనిషి ఇవాళైనా లొంగాడా అని మా ఆయన, మీ పెద్దమనిషికి కూడా కంచం పెట్టనా అని అత్తగారు. ఎంత వేళాకోళం చేసినా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా వెనక గది తలుపు మూసుకుంటే ఎవరూ కదిపేవారు కాదు. పాత తలుపు చెక్కను రెండు పెట్టెల మీద వేసి బల్ల చేశాం. ఈ చివర నేను, ఆ చివర అక్క. వర్గమూలం 56,217 దాటి కొంచెం, అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి, అవి అయిదువేల ఏడువందల చిల్లర. వాటా పంచుకున్నాం. ఒకటితో, తొమ్మిదితో ముగిసేవి నావి. మూడుతో, ఏడుతో ముగిసేవి అక్కవి. ఒకరి పుస్తకం ఒకరు చూడకూడదు, చూస్తే చెయ్యి బద్ధకిస్తుందని నియమం. ఆ నియమం పెట్టింది ఎవరు? నేనేనా? కాదు, అక్కే. నేను తల ఊపాను. ఎంత నిజాయితీపరురాలు అని మురిసిపోయాను కూడా.

31,513 లక్షసార్లు పోతే తొంభై ఒక లక్షా పదిహేను వేల అయిదువందల ముప్పై ఏడు మిగిలింది, అందులో రెండువందల ఎనభై తొమ్మిది సార్లు, శేషం 8,280. అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి చూశాను, సరిపోయింది. అంటే 31,842 కాదు, తిరగేసిన 13,842 కూడా కాదు. దాని కింద 31,517. అక్క రాసింది 9,274. నాకు వచ్చింది 16,845. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. రెండు. రెండు తప్పులు పక్కపక్కన పడడం వింతేమీ కాదు, ఆ రోజు జ్వరం వచ్చి ఉంటుంది, పిల్లల్లో ఎవరో మెట్లమీంచి పడి ఉంటారు. అక్కకు ముగ్గురు పిల్లలు, అత్తగారి మందులు, బావగారి చొక్కాలు, వీధిలో సగంమంది జాకెట్లు. పొద్దుట లేచిన దగ్గర్నుంచి పెద్దకోడలా, అమ్మా, వదినా, ఏమేవ్ అని ఆ పేర్లు నలుగురి నోళ్ళలో నలుగుతూనే ఉంటాయి. పాపం అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను, మూడోదానికి పెన్సిలు పెడుతూ కూడా. 31,543. అదీ తప్పే. అప్పుడు గుర్తొచ్చింది పెన్సిలు. నాకు నెలకు మూడు పెన్సిళ్ళు అరిగేవి. అక్క పెన్సిలు పొడుగ్గా అలాగే ఉండేది, నీ చెయ్యి బరువే పిల్లా అని నవ్వేది. నా చిత్తుకాగితాలు కట్టలు కట్టి అటకెక్కించాం, అక్క చిత్తు మాత్రం పలక మీద. కాగితం దండగ, చేసి తుడిచేస్తా అనేది. రెండేళ్ళు తుడిచిన పలక. తుడవడానికి దానిమీద ఏమైనా ఉండేదా అసలు?

నేను ఒకసారి ఏడ్చాను. పదిహేడు వేల చిల్లర భాజకాల్లో ఎక్కడో చేతిలో ఉంచుకున్న అంకె ఒకటి కలపడం మరిచాను, అది పట్టుకునేసరికి దాని వెనక నలభై భాగహారాలు ఎలా చేశానో అని అనుమానం పట్టుకుంది. అక్కా, నన్ను నమ్మకు, నేను నిర్లక్ష్యం మనిషిని అని ఆ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను, నాకు ముప్పై నాలుగేళ్ళు అప్పుడు. అక్క నా వీపు నిమిరింది. ఏం కాదులే, మళ్ళీ చేసుకో, నేనేమైనా కసురుకున్నానా అంది. నలభై భాగహారాలూ ఒక్కోటి మూడేసి నాలుగేసిసార్లు మళ్ళీ చేశాను. తొమ్మిది రోజులు పట్టింది, ఆ తొమ్మిది రోజులూ అక్క ఆ చివర కూర్చుని నాకోసం ఆగింది, నువ్వు వచ్చి కలిసేదాకా నేను ముందుకెళ్ళను అని. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఇప్పుడు ఈ బెంచీ మీద 31,547 చేస్తుంటే, అదీ తప్పు అని తేలుతుంటే, వీపు మీద ఆ చెయ్యి మళ్ళీ తగిలినట్టయింది, జాకెట్లో పురుగు దూరినట్టు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. ఈవిడ వాసాలైనా లెక్కపెట్టలేదు.

తప్పుల్లో ఒక తీరుంది, ఇప్పుడు కనిపిస్తోంది. ఈ శేషాల్లో ఒకే అంకె పక్కపక్కన రెండుసార్లు రాదు. సున్నాతో ముగిసేది లేదు. మరీ చిన్నది లేదు. నా పుస్తకంలో 44 ఉంది, 7,700 ఉంది, 6 కూడా ఉంది. ఆ ఆరు వచ్చిన రోజు ఆరు తక్కువైతే దొరికిపోయేవాడే అని మా గుండెలు ఆగినంత పనయింది. నిజం సంఖ్యలు అలా మొహమాటం లేకుండా వస్తాయి. అబద్ధం సంఖ్యలు పెళ్ళిచూపులకు తల దువ్వుకుని వచ్చినట్టుంటాయి. కాకిలెక్కలు. ముత్యాల్లాంటి కాకిలెక్కలు. 31,567 తప్పు, 31,573 తప్పు. టైపిస్టు మిషను టకటకలాడుతోంది, ఫ్యాను గాలికి కాగితం లేస్తోంది, మోచేత్తో నొక్కిపెట్టి రాస్తున్నాను. ఎదురుగా బీరువా అద్దంలో ఒకావిడ కనిపిస్తోంది, నోరు కొద్దిగా తెరుచుకుని, పెన్సిలు పట్టుకుని. ఎవరో అమాయకురాలు అనిపించి, నేనే అని తెలిసి తల దించుకున్నాను.

అక్కకు చెప్పని పని నేనూ ఒకటి చేశాను, దాపరికమే, ఒప్పుకుంటాను. నాలుగుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్య ఏదైనా సరే రెండు వర్గాలను కలిపితే వస్తుంది, అదీ ఒకే ఒక్క జత. పదమూడంటే నాలుగూ తొమ్మిదీ, ఇరవై తొమ్మిదంటే నాలుగూ ఇరవై అయిదూ. పెద్దమనిషి చివర ముప్పై ఏడు, నాలుగుతో పోతే ఒకటి. కాబట్టి ఆయన ప్రధాన సంఖ్యే అయితే ఆయన కడుపులో కూడా ఒక జత ఉండి తీరాలి, ఇంకెవరికీ సరిపోని జత. దాన్ని పట్టుకుని పని ముగిసిన రోజు అక్క చేతిలో పెడదామనుకున్నాను. ఇదిగో, ఇందులో ఒకటి నువ్వు, ఒకటి నేను అని చెబుదామని. ఎంత వెర్రి. ఏడాదిగా ఆదివారాలు ఇంట్లోవాళ్ళు కునుకు తీస్తుంటే మెట్ల కింద కూర్చుని ఒక్కో వర్గం తీసేసి మిగిలింది వర్గమేనా అని చూస్తూ వచ్చాను. వేలకొద్దీ చూశాను. దొరకలేదు. ఇంకా వేలు ఉన్నాయిలే, తొందరేముంది అనుకున్నాను.

31,583 కూడా తప్పే. ఎనిమిదో వరుస 31,607. అక్క రాసిన శేషం 19,358. ఇక చాలు, ఏడు తప్పులు తేలాయి, ఎనిమిదోది చేసి ఏం బావుకోవాలి అనిపించింది. అయినా చెయ్యి ఆగలేదు. 3,16,041లో తొమ్మిదిసార్లు పోతుంది, 2,84,463 తీసేస్తే 31,578. అయిదు దింపుకున్నాను, మళ్ళీ తొమ్మిదిసార్లే, మళ్ళీ అదే 2,84,463. ఇంకో అయిదు, ఇంకో తొమ్మిది. మూడు దింపితే మళ్ళీ తొమ్మిది. ఇదేమిటి, నాలుగుసార్లూ ఒక్కటే గుణకారం, పిల్లలు కూడా చేస్తారు దీన్ని. మిగిలింది 3,160. ఆఖరి ఏడు దింపాను. 31,607. కాగితం అడుగున భాజకమే వచ్చి కూర్చుంది. ఒకసారి పోతుంది. ఏమీ మిగలదు. కాసేపు పెన్సిలు అక్కడే పెట్టి ఉంచాను, మొన దగ్గర చిన్న చుక్క పడింది. భాగఫలం 99,991. సంఘంవాళ్ళ పట్టికలో లక్షలోపు ప్రధాన సంఖ్యల్లో ఆఖరిది అదే, నాకు కంఠతా వచ్చు. పెద్దమనిషి రెండు ముక్కలు. 31,607ను నాలుగుతో భాగిస్తే మూడు మిగులుతుంది, 99,991కీ మూడే. మూడు మిగిలే ప్రధానం ఒంటరిగా ఒక్కటి దూరినా చాలు, రెండు వర్గాల జత పుట్టదు. మెట్ల కింద నేను వెతికిన జత దొరకకపోవడం కాదు, లేనే లేదు. ఇంకో పదేళ్ళు వెతికినా లేదు.

ఏడుపు రాలేదు. ఒకవేళ వచ్చి ఉంటే బాగుండేదేమో. అక్క ఈ ఒక్క భాగహారం చేసి ఉంటే చాలు, అప్పుడే, ఏడాది క్రితమే, ఇద్దరం ఆ గదిలో ఎగిరి గంతేసి ఉండేవాళ్ళం. ఆ తర్వాత 56,217 దాకా నేను చేసినవన్నీ, వెయ్యి పైచిలుకు, చచ్చిన పామును కొట్టడమే. కానీ ఆ వెయ్యి కోసం కాదు నాకు బాధ. నేను రెండేళ్ళు ఇద్దరం అనుకున్నాను. మధ్యాహ్నం ఆ తలుపు మూసుకోగానే, నాలాంటి పిచ్చే ఉన్న మనిషి ఈ ఇంట్లోనే, ఈ బల్లకు ఆ చివరే ఉందని, ఆ ఒక్క నమ్మకం మీద మిగతా ఇరవై రెండు గంటలూ గడిపాను. నమ్మి చెడినవాడు లేడంటారు. ఆ మాట అన్నవాడికి తోటికోడలు లేదు.

రెండు నలభై అయిదుకు అక్క వచ్చింది. ఒక చేతిలో దారం ఉండల పొట్లం, ఇంకో చేతిలో నా టీ గ్లాసు.

"చల్లారిపోతుంది, తాగు. నంబర్లు అయ్యాయా?"

పుస్తకం ఆవిడ వైపు తిప్పి మొదటి వరుస మీద వేలు పెట్టాను. చూసింది. ముందు అర్థం కాలేదు, తర్వాత అయింది. చెవుల దగ్గర ఎర్రబడింది.

"ఎక్కడో పొరపాటున రాసుంటాను."

"ఎనిమిది వరసలు చేశానక్కా. ఎనిమిదీ తప్పే."

గ్లాసు బెంచీ మీద పెట్టి, పక్కన కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. అబద్ధం ఆడుతుందేమోనని చూశాను, ఆడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎప్పట్నించి?" అన్నాను.

"మొదటి మూడు నెలలయ్యాక నించి."

"ఎందుకు?"

"నీకు లెక్క కావాలి. నాకు రెండు గంటలు కావాలి." గొంతు తగ్గించింది, టైపిస్టు వింటుందని. "ఒంట్లో బాలేదన్నా ఆ ఇంట్లో తలుపు కొడతారు. నిద్రపోతున్నానన్నా కొడతారు. లెక్క చేస్తున్నారంటే మాత్రం కొట్టరు. ఎందుకో మరి, భయం వాళ్ళకి."

"ఆ రెండు గంటలూ ఏం చేసేదానివి?"

"ఏమీ లేదు. ఊరికే కూర్చునేదాన్ని."

"నా ఎదురుగా."

"అదే బాగుండేది. నువ్వు మాట్లాడవుగా."

"నాకు చెప్తే ఏం పోయేది?"

"చెప్తే నువ్వేమంటావో నాకు తెలీదా? వద్దులే అక్కా, నేనొక్కదాన్నే చేసుకుంటా అంటావు. అప్పుడు నేను ఏ వంక పెట్టుకుని తలుపేసుకోను?"

నిజమే, అలాగే అనేదాన్ని. ఆవిడ అవసరం చిన్నదని అనను, ఆ నాలుగు నోళ్ళ మధ్య నేనైనా ఏదో ఒక గోడ కట్టుకునేదాన్ని. కానీ ఆ గోడ నేనయ్యాను. తెలిసి ఉంటే గోడగానే నిలబడేదాన్ని. తెలియకుండా నిలబెట్టింది, పైగా వీపు నిమిరింది.

"ఇది చూడు," అని చిత్తుకాగితం ముందుకు జరిపాను. "విరిగిపోయాడు. నీ వాటాలోనే ఉంది. 31,607 ఇంటూ 99,991."

అక్క కాగితం చూడలేదు. తల పైకెత్తి ఫ్యాను వైపు చూసింది. "లక్షకి తొమ్మిది తక్కువ కదా. మూడువందల పదహారు కోట్ల ఏడు లక్షలు. అందులోంచి రెండు లక్షల ఎనభై నాలుగు వేల నాలుగువందల అరవై మూడు తీసెయ్. అంతే, సరిపోయింది," అంది, జాకెట్టు కొలత చెప్పినట్టు. మంచినీళ్ళు తాగేంత సేపు కూడా పట్టలేదు. భాగించడానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది, అదీ కాగితం మీద. ఇంత వచ్చు ఆవిడకు. నాకంటే బాగా వచ్చు, ఎప్పుడూ వచ్చు. నాకు అన్నం ముద్దలా దొరికిన ఆ రెండు గంటలను ఆవిడ ఎంగిలి కూడా చేయకుండా పక్కకు నెట్టేసింది. అసలైన దెబ్బ అక్కడ తగిలింది, ఎనిమిది తప్పుల దగ్గర కాదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. టైపిస్టు చెప్పిన సార్, సంఘం కార్యదర్శిగారు, ఇవాళ ముందే వస్తున్నారు. అక్క నా సంచీలో చెయ్యి పెట్టి రబ్బరు తీసి, ఎనిమిదో వరుసలో 19,358ని తుడిచి, ఆ చోట ఒక సున్నా పెట్టింది. చక్కటి సున్నా. నేను చూస్తూనే ఉన్నాను. ఆపాలనిపించలేదు. ఆవిడ ఏం చేస్తుందో చివరిదాకా చూడాలనిపించింది.

కార్యదర్శిగారు పొట్టిగా, నెమ్మదిగా ఉండే మనిషి. కళ్ళజోడు మార్చుకుని రెండు పుస్తకాలూ తిరగేశారు. పై వరుసల మీద కన్ను వేయకుండా సున్నా దగ్గరే ఆగి, గుణించి చూసుకుని, తల పంకించారు. "సంయుక్తం. పరవాలేదమ్మా, అందరూ ప్రధానమే కావాలంటారు గానీ ముక్కలు దొరకడమూ తేలికేం కాదు." తర్వాతి పేజీలు తిప్పి కనుబొమలు ఎత్తారు. "దీని తర్వాత కూడా చేశారే?"

"అప్పుడు పొరపాటు పడ్డానండి," అంది అక్క. "ఇవాళే దిద్దుకున్నాం."

దిద్దుకున్నాం. నేను టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.

"మూడూ ఏడుల వాటా ఎవరిది?"

"నాదేనండి."

"అయితే కనుగొన్నవారుగా మీ పేరే రాయాలి. సంఘం పద్ధతి, ఎవరి వాటాలో దొరికితే వాళ్ళది. ఇక్కడ సంతకం పెట్టండి. చెల్లెలుగారు కింద, సరిచూసినవారు అన్న చోట."

అక్క కలం అందుకుని ఒక క్షణం ఆగింది. నా వైపు చూసింది. ఇప్పుడంటుంది, నేను కాదండీ, ఈ పిల్ల అని ఇప్పుడంటుంది అనుకున్నాను. ఇంత జరిగాక కూడా అనుకున్నాను, అంత బుద్ధిహీనురాలిని. సంతకం పెట్టింది. తర్వాత కలం నాకిచ్చింది. నేను సరిచూశాను కాబట్టి సరిచూసినవారు అన్న చోట పెట్టాను, అందులో అబద్ధం లేదు.

ఆయన సొరుగులోంచి చెక్కపెట్టె తీశారు. నిండా చీటీలు, ఒక్కో చీటీ మీద ఒక్కో సంఖ్య. "ఇంకోటి తీసుకెళ్తారా? పదకొండంకెలవి వచ్చాయి. మీలాంటి జంటలు తక్కువమ్మా, ఓపికగా చేస్తారు."

అక్క బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా, బతిమాలినట్టు. ఆ చెయ్యి అడిగేది సంఖ్యను కాదని నాకు తెలుసు. తలుపు కావాలి ఆవిడకు. నేను వద్దంటే రేపట్నుంచి రెండింటికి ఆ గదిలో కుట్టుమిషను మోగుతుంది, అత్తగారు పిలుస్తారు, పిల్లలు పిలుస్తారు. ఆ రెండు గంటలూ ఇప్పుడు నా నోట్లో ఉన్నాయి.

"చెరొకటి ఇవ్వండి," అన్నాను.

"చెరొకటా? జంటగా చేస్తే త్వరగా అవుతుంది కదమ్మా."

"వేరువేరు గదుల్లో చేసుకుంటామండి. ఈవిడకి వెనక గది ఉంది."

అక్క చెయ్యి వదిలేసింది. కార్యదర్శిగారు రెండు చీటీలు తీసి చెరొకటి ఇచ్చారు. నేను నాది విప్పి పదకొండంకెలనూ ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి చదువుకున్నాను, పెదవులు కదులుతుంటే. అక్క తన చీటీ విప్పకుండానే రెండు మడతలు పెట్టి, దారం ఉండల పొట్లంలో వేసుకుని లేచింది.